కుర్చీలో కూర్చున్నా ధ్యానమేనా? ముసలితనం గురించి బుద్ధుడు ఏమన్నాడు?

మలిసంధ్య:
అందరికీ నమస్కారమండీ. చాలాకాలంగా ఇక్కడ చదువుతూ పోవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. నాకు 64 ఏళ్లు. పొద్దున్నే లేచి గంటసేపు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, పిల్లల పరీక్షలప్పుడు మానలేదు, మా ఆయన పోయిన ఏడాది కూడా మానలేదు. అలాంటిది రెండేళ్లుగా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. పావుగంటకే ఎడమ మోకాలు మంట, లేవాలంటే గోడ పట్టుకోవాలి.

మొన్న ఒక పదిరోజుల శిబిరానికి వెళ్లా. మొదటిరోజు సాయంత్రానికే కుర్చీ అడగాల్సొచ్చింది. హాల్లో వెనక గోడ వారన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసల్లో అన్నీ నిటారు వీపులు, పదేళ్ల కిందట నేను కూర్చున్న చోటు అక్కణ్ణించి కనిపిస్తోంది. కళ్లు మూసుకోకముందే ఏడుపొచ్చేసింది. సేవకి వచ్చిన అమ్మాయి చూసి మెల్లగా వచ్చి "ఈ వయసులో ఎందుకు ఆంటీ అంత కష్టం, వెళ్లి కాసేపు పడుకోండి" అంది. ప్రేమగానే అంది. కానీ "ఈ వయసులో" అన్న ఆ మాట మిగతా తొమ్మిది రోజులూ నా పక్కనే కూర్చుంది.

ఇంకోటి, శ్వాసలు లెక్కపెడుతుంటే నాలుగో అయిదో దగ్గర తప్పిపోతున్నా, ఇదివరకు ఇలా లేదు. తెలిసినవాళ్ల పేర్లు కూడా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.

అడగాలనుకున్నది ఏంటంటే, బుద్ధుడు ముసలితనం గురించి అసలేం చెప్పాడు? నాకు తెలిసింది ఆ రథం కథే, రాజకుమారుడు బయటికెళ్తే ముసలివాడు, రోగి, శవం, సన్యాసి కనబడటం. చిన్నప్పుడు చదివినప్పుడు నేను రాజకుమారుడి పక్కన రథంలో ఉన్నా. ఇప్పుడు చదివితే దారి పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని నేనే. ఆ కథలో ఆయన్ని చూసి అందరూ ఏదో ఒకటి తెలుసుకుంటారు, ఆయనకి ఏమనిపించిందో మాత్రం ఎవరూ అడగరు. ఆ మనిషి వైపు నుంచి బౌద్ధంలో ఎక్కడైనా ఏమైనా ఉందా?

పాళీచదువరి:
అమ్మా, ఉంది. బోలెడుంది. జనం ఎక్కువగా ఎత్తరు అంతే.

ముందు ఆ కథ గురించి ఒక మాట. పాత సుత్తాల్లో, అంటే పాళీలో ఉన్న బుద్ధుడి ఉపదేశాల్లో, అది గౌతమ బుద్ధుడి కథ కాదు, విపస్సి అనే పూర్వ బుద్ధుడి కథ, దీఘనికాయం అనే సుత్తాల సంపుటిలో, మహాపదాన సుత్తంలో వస్తుంది. మన బుద్ధుడికి తర్వాతి కాలంలో వచ్చి చేరింది, అశ్వఘోషుడి బుద్ధచరితంతో బాగా పాకింది. తన గురించి తను చెప్పుకున్నది అంగుత్తరనికాయంలో వేరేగా ఉంటుంది. మామూలు మనిషి తనూ ముసలివాడయ్యేవాడే అయ్యుండి ఇంకో ముసలివాణ్ణి చూసి చీదరించుకుంటాడు, నేనూ అలా చేస్తే నాకు తగదు అనుకున్నా, అలా అనుకోగానే నాలో యవ్వన మదం మొత్తం పోయింది అంటాడు. రథమూ లేదు, సారథీ లేడు, చూసేవాడూ రేపు ఆ దారి పక్కన నిలబడేవాడే అన్న ఎరుక ఒక్కటే ఉంది.

ఇక మీరడిగిన "ఆ మనిషి వైపు". సంయుత్తనికాయంలో జరా సుత్తం అని చిన్నది ఉంది. శ్రావస్తిలో తూర్పు ఆరామం, విశాఖ అనే ఉపాసిక కట్టించిన భవనం. సాయంత్రం పూట బుద్ధుడు ధ్యానం నుంచి లేచి పడమటి ఎండలో వీపు కాచుకుంటూ కూర్చున్నాడు. ఎప్పుడూ వెంట ఉండి సేవ చేసే శిష్యుడు ఆనందుడు వచ్చి కాళ్లూ చేతులూ పిసుకుతూ, ఉండబట్టలేక అనేశాడు, భంతే ఆశ్చర్యంగా ఉంది, మీ ఒంటి నిగారింపు మునుపటిలా లేదు, అవయవాలన్నీ వదులైపోయి ముడతలు పడ్డాయి, శరీరం ముందుకి వంగిపోయింది, కళ్లూ చెవులూ కూడా మారిపోయాయి అని. ఎంతో ప్రేమ ఉన్నవాడు తప్ప అలా మొహమ్మీద అనలేడు కదా. బుద్ధుడు కాదనలేదు, సర్దిచెప్పలేదు. అంతే ఆనందా, యవ్వనంలోనే ముసలితనం ఉంది, ఆరోగ్యంలోనే జబ్బు ఉంది, బతుకులోనే చావు ఉంది అన్నాడు. ఆ తర్వాత వచ్చే పద్యంలో ముసలితనాన్ని తిడతాడు కూడా, ఛీ పాడు ముసలితనమా, ముచ్చటైన బొమ్మని నలిపేశావు అని.

మీ కుర్చీ సంగతికొస్తే, ఆయనకి నడుము నొప్పి ఉండేది. "పిట్ఠి మే ఆగిలాయతి", నా వీపు నొప్పెడుతోంది, కాసేపు చాపుకుంటాను అన్న మాట ఒక్క చోట కాదు, కనీసం మూడు సుత్తాల్లో ఉంది. ఒకచోట ఆనందుడికి, ఒకచోట పెద్ద శిష్యుడు సారిపుత్తుడికి, ఒకచోట ఇంకో పెద్ద శిష్యుడు మొగ్గల్లానుడికి మిగతా ఉపన్యాసం అప్పగించి, పంచెని నాలుగు మడతలేసి పరుచుకుని కుడిపక్కకి తిరిగి పడుకున్నాడు. సభ మధ్యలో!

చివరి సంవత్సరం, 80 ఏళ్లప్పుడు, వేసాలి దగ్గర బేలువ గ్రామంలో వానాకాలంలో పెద్ద జబ్బు చేసి లేచాక ఆనందుడితో ఏమంటాడంటే, పాత బండి తాళ్లతో కట్టి నడిపిస్తే ఎలా నడుస్తుందో ఈ ఒళ్లూ అలాగే కట్లమీద నడుస్తోంది అని. ఏ తలపూ లేని లోతైన సమాధిలో ఉన్నప్పుడే ఒంటికి సుఖంగా ఉంటోంది అని కూడా అంటాడు. మీ కుర్చీ కూడా ఆ బండికి కట్టిన ఒక తాడే అనుకుంటా నేను.

మలిసంధ్య:
ఇది చదివి ఇవాళంతా ఆ సాయంత్రపు ఎండే కళ్లముందు ఉంది బాబూ. వీపు కాచుకోవడం! మా అమ్మ చివర్లో అలాగే కూర్చునేది. బుద్ధుడంటే ఎప్పుడూ ముడత లేని రాతి మొహమే గుర్తొచ్చేది, ముడతలు పడ్డ బుద్ధుడి విగ్రహం ఒక్కటి కూడా చూసిన గుర్తు లేదు.

లెక్కల మాస్టారు:
నాకు 77. ఇక్కడ అందరికంటే పెద్దవాణ్ణేమో. నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

ఈ చాదస్తం నాకు నచ్చదు. రిటైరయ్యాక బౌద్ధం కొంత చదివాను. రోజూ అయిదు తలుచుకోమంటారు, నేను ముసలివాణ్ణి కాక తప్పదు, జబ్బు పడక తప్పదు, చావక తప్పదు, ఇష్టమైనవాళ్లంతా దూరం కాక తప్పదు, నా కర్మకి నేనే వారసుణ్ణి అని. ఇవి పాతికేళ్ల వాడు తలుచుకుంటే వాడికి బుద్ధి వస్తుంది, ఒప్పుకుంటా. నాకెందుకు? నా మోకాలు చెబుతోంది, నా కన్ను చెబుతోంది, పేపర్లో చావుకబుర్లు చెబుతున్నాయి, నా క్లాసులో చదివిన వాళ్లు పోతున్నారు. తెలిసిన లెక్కనే మళ్లీ మళ్లీ చేయించినట్టు ఉంటుంది. ఈ వయసులో మనిషికి కావలసింది ధైర్యం, ఇంకాస్త దుఃఖం కాదు.

రాత్రి డ్యూటీ:
మలిసంధ్య అక్కా, నేను నర్సుని, పెద్దవాళ్ల వార్డులో పదకొండేళ్లుగా చేస్తున్నా. ముందు మోకాళ్ల సంగతి, తర్వాత మిగతాది.

కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు, అరికాళ్లు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి, ఆనకపోతే దుప్పటి మడతపెట్టి కాళ్ల కింద వేసుకోండి. నడుము దగ్గర చిన్న తువ్వాలు చుట్ట పెట్టుకుంటే వీపు దానంతటదే నిలబడుతుంది. గంట ఒకేసారి వద్దు, ఇరవై నిమిషాలు కూర్చుని పది నిమిషాలు నడిచి మళ్లీ కూర్చోండి. లేచిన తర్వాత కూడా మంట తగ్గట్లేదంటే అది ఓర్పుతో భరించే విషయం కాదు, డాక్టరుకి చూపించండి. పేర్లు నాలిక చివర ఆగడం వయసుతో చాలామందికి ఉండేదే, రోజూ చేసే పనులు ఎలా చెయ్యాలో తెలియకపోవడం, తెలిసిన దారి తప్పడం ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. కొన్నిసార్లు బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, వాటికి మందు ఉంది.

ధ్యానం ఎలా చెయ్యాలో చెప్పే సతిపట్ఠాన సుత్తంలో నడవడం, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం నాలుగూ ఉన్నాయి. మంచం మీంచి లేవలేని వాళ్లకి కూడా ఒక భంగిమ మిగిలే ఉంటుందన్నమాట. నేను రాత్రిళ్లు వార్డులో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేటప్పుడే చేస్తా, నాకు కూర్చునే టైము ఎప్పుడూ దొరకలేదు.

తొలినాటి భిక్షుణుల పద్యాల సంపుటి థేరీగాథలో ధమ్మా అని ఒక భిక్షుణి పద్యం ఉంది, ఒక్కటే పద్యం. కర్ర ఆనుకుని భిక్షకి తిరిగాను, బలం లేదు, ఒళ్లంతా వణుకు, అక్కడికక్కడే నేలమీద పడిపోయాను, ఈ శరీరంలో ఉన్న ముప్పు కనిపించింది, నా మనసు విడుదలైంది అంటుంది. వార్డులో మేము అన్నిటికంటే భయపడేది పెద్దవాళ్లు పడిపోవడానికే, పడ్డారంటే తుంటి విరుగుతుంది, ఆ తర్వాత చాలామంది మళ్లీ మామూలుగా నడవలేరు. అందుకే ఆ పద్యం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ నేలమీద నుంచి మాట్లాడుతున్న గొంతు అది. మీరడిగిన దారి పక్కన మనిషి ఆవిడే అక్కా.

చిగురు:
నేను ఇక్కడ చిన్నదాన్ని, 29. ధ్యానం యాప్ తయారుచేసే ఒక కంపెనీలో పని చేశా, పోయిన ఏడాది మానేశా. మాస్టారుగారు "పాతికేళ్ల వాడికి అవసరం" అన్నది చదివాక రాయాలనిపించింది.

మేము రాసే ప్రకటనలన్నీ ఒకటే మాట మీద తిరిగేవి, యవ్వనంగా ఉండండి, మెదడు వయసు తగ్గించుకోండి, ప్రశాంతంగా ఉంటే ముడతలు రావు. వరసగా ఎన్ని రోజులు చేశారో అంకె చూపిస్తాం, ఒకరోజు తప్పితే అంకె సున్నా అవుతుంది. ఒక పెద్దావిడ రాసిన ఉత్తరం నా చేతికి వచ్చింది, ఆస్పత్రిలో ఉన్నందువల్ల 412 రోజుల వరస పోయింది, దయచేసి తిరిగి ఇవ్వండి అని. నేను సిస్టంలో వెనక్కి వెళ్లి ఆ అంకె సరిచేసి ఆవిడకి జవాబు రాసి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఆస్పత్రి మంచం మీద ఆవిడ వదులుకోలేకపోయింది ఆ అంకెని. దాన్ని ఆవిడ చేతికి ఇచ్చింది మేమే.

1979లో జాన్ కబట్ జిన్ మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో ఈ మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు మొదలుపెట్టినప్పుడు వచ్చినవాళ్లు ఎవరంటే, ఏళ్ల తరబడి నొప్పి తగ్గని రోగులు, వైద్యం ఇక పెద్దగా ఏమీ చెయ్యలేకపోయిన వాళ్లు. మొదలైంది నొప్పి దగ్గర. మేము దాన్ని యవ్వనం దగ్గరికి తీసుకొచ్చాం. పాళీచదువరిగారు చెప్పిన యవ్వన మదం, దాంతోపాటే సుత్తంలో ఆరోగ్య మదం, జీవిత మదం కూడా ఉన్నాయట, మూడు మదాలూ మా ఆఫీసు గోడల మీదే రాసి ఉండేవి అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

పాళీచదువరి:
చిగురుగారూ, ఆ ఉత్తరం సంగతి చదివి మనసు అదోలా అయింది.

మాస్టారూ, మీరన్నది సగం ఒప్పుకుంటా. తెలిసిన విషయమే అన్నారు, కానీ అయిదు తలపుల సుత్తంలో ఒక మెట్టు ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. మొదట "నేను ముసలివాణ్ణవుతా" అనుకోవాలి, ఆ తర్వాత "నేనొక్కణ్ణే కాదు, పుట్టినవాళ్లంతా అంతే" అనుకోమంటాడు. మార్గం అక్కణ్ణించి మొదలవుతుంది అని సుత్తంలో స్పష్టంగా ఉంది. మోకాలు మొదటిది చెబుతుంది మాస్టారూ, రెండోది చెప్పదు. నొప్పి ఎప్పుడూ నీకొక్కడికే అంటుంది.

అలాగని వయసొస్తే జ్ఞానం దానంతటదే వస్తుందని బుద్ధుడు ఎక్కడా అనలేదు. ధమ్మపదంలో 260వ గాథ, తల నెరిసినంత మాత్రాన థేరుడు, అంటే పెద్ద భిక్షువు, కాడు, వాడి వయసు పండింది అంతే, వాణ్ణి ఊరికే ముసలైనవాడు అంటారు. 152వది ఇంకా కటువు, నేర్చుకోని మనిషి ఎద్దులా ముసలివాడవుతాడు, కండ పెరుగుతుంది, ప్రజ్ఞ పెరగదు. ముసలితనంలో భిక్షువైనవాళ్లలో సూక్ష్మబుద్ధీ, చెప్తే వినే గుణం ఉన్నవాళ్లు అరుదు అని అంగుత్తరంలో నిర్మొహమాటంగా ఉంది. ఆ అరుదైన వాళ్లలో ఒకడు రాధుడు, ముసలి బ్రాహ్మణుడు, ఎవరూ సంఘంలో చేర్చుకోకపోతే చిక్కి శల్యమైపోయాడు. ఈయన మీకు చేసిన మేలు ఎవరికైనా గుర్తుందా అని బుద్ధుడు అడిగితే, ఒకసారి నాకు గరిటెడు భిక్ష పెట్టాడు అని సారిపుత్తుడు గుర్తుచేసుకుని ఆయనే దీక్ష ఇప్పించాడు. ఆ ముసలాయన తనకంటే చిన్నవాళ్లు తప్పు చూపిస్తే సంతోషించేవాడట. పది మంది పిల్లల్ని కని, పెంచి, ముసలితనంలో భిక్షుణి అయిన సోణా పట్టుదలలో భిక్షుణులందరిలోకీ మేటి అని పేరు తెచ్చుకుంది. ఆవిడ మొదలుపెట్టిన వయసులో మనం ఇక చాలు అనుకుంటాం.

నాన్నతోనే:
ఈ చర్చలోకి రావాలా వద్దా అని రెండ్రోజులుగా ఆలోచిస్తున్నా. నాకు 38. నాన్నకి 71, డిమెన్షియా, నాలుగో ఏడు. నాన్న ముప్పై ఏళ్లు ధ్యానం చేసిన మనిషి, నాకు నేర్పింది ఆయనే.

ఆదివారం ఆదివారం ఆయన గోళ్లు తీస్తా. వేడినీళ్లలో చేతులు నానబెట్టి, ఒక్కో వేలు పట్టుకుని తీయాలి, లేకపోతే లాగేసుకుంటాడు. బొటనవేలి గోరు గట్టిగా పసుపచ్చగా అయిపోయింది, కట్టర్ పట్టదు, ఆకురాయితో మెల్లగా అరగదీస్తా. మొన్న అలా తీస్తుంటే నా మొహం వంక చూసి "మీరెవరో గానీ మంచివారండీ" అన్నాడు. నన్ను ఎప్పుడూ ఒరేయ్ అనే మనిషి, అండీ అన్నాడు.

రాత్రిళ్లు అదే ప్రశ్న, అమ్మ ఏదిరా, ముప్పైసార్లు నలభైసార్లు. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఒకరాత్రి అరిచేశాను. పెద్దగా అరిచాను. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు కొడతానేమో అని.

నేను అడిగేది ఒక్కటే. సాధనంతా స్మృతి మీదే కదా. స్మృతే పోతే ఆ ముప్పై ఏళ్లూ ఏమైనట్టు?

పాళీచదువరి:
తమ్ముడూ, దీనికి తేలిక జవాబు చెప్పను. స్మృతిని పాళీలో సతి అంటారు, ఆ మాటకి గుర్తు అనే అర్థం నిజంగానే ఉంది, ఎప్పుడో చేసినదీ ఎప్పుడో అన్నదీ గుర్తుంచుకోగలగడం అని సుత్తాల్లోనే దాన్ని వివరించారు. మంచం మీద మోసుకెళ్లాల్సిన వయసొచ్చినా తథాగతుడి ప్రజ్ఞ తగ్గదు అని బుద్ధుడు 80 ఏళ్లప్పుడు అన్నాడు, కానీ అది ఆయన తన గురించి చెప్పుకున్నది, మనందరికీ ఇచ్చిన హామీ కాదు.

అయితే సరిగ్గా మీరు అడిగిందే ఒకాయన బుద్ధుణ్ణి అడిగాడు. మహానాముడు, శాక్యుడు, ఇంటివాడు. ఆయన అడిగింది ఏంటంటే, సాయంత్రం మీ దగ్గర్నుంచి కపిలవస్తుకి తిరిగి వెళ్తుంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, జనం, అంతా గందరగోళం, ఆ గోలలో బుద్ధుడి మీద నా స్మృతి చెదిరిపోతోంది, ఆ క్షణంలో నేను పోతే నా గతేంటి అని. భయపడకు మహానామా, భయపడకు అన్నాడు బుద్ధుడు. నేతికుండని లోతు నీళ్లలో దించి పగలగొడితే పెంకులు కిందకి పోతాయి, నెయ్యి పైకి తేలుతుంది, ఎన్నో ఏళ్లు సాధన చేసిన మనసు అంతే అన్నాడు. పక్క సుత్తంలో ఇంకో పోలిక, తూర్పుకి వంగి పెరిగిన చెట్టుని మొదట్లో నరికితే ఎటు పడుతుంది? ఏ వైపు వంగిందో ఆ వైపే.

మీ పేరు పోయింది, బంధుత్వం పోయింది, నాన్న నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "మంచివారండీ". ఆయన చెట్టు ఎటు వంగి ఉందో మీరే రాశారు.

రాత్రి డ్యూటీ:
నాన్నతోనే, బాబూ, అరిచిన రాత్రి గురించి నేను చెప్తా.

భిక్షువుల నియమాలుండే వినయపిటకంలో ఒక భిక్షువుకి విరేచనాలు, తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు, తోటివాళ్లెవరూ చూడటం లేదు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఒకరు తలవైపు ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచమ్మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యండి అన్నది అక్కడే. ఆ మాట అందరికీ తెలుసు. దాని కిందే ఇంకో భాగం ఉంది, ఎలాంటి రోగిని చూడటం కష్టమో, ఎలాంటి రోగిని చూడటం తేలికో, చూసేవాడికి ఏమేం ఉండాలో వివరంగా ఉంటుంది, మందు కలపడం రావాలి, ఉమ్ము, వాంతి, మలం ఎత్తడానికి అసహ్యపడకూడదు అని. సేవ కష్టమని అందులోనే ఒప్పుకున్నారు కదా. మీకు కష్టమైతే అది మీ ప్రేమలో లోపం కాదు.

రెండు బాణాల సుత్తం వినే ఉంటారు, ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, దానికి మనసు ఏడ్చుకునేది రెండోది. నాన్న మీద అరవడం అయిపోయింది. దాని గురించి రోజూ మిమ్మల్ని మీరు గుచ్చుకోవడం రెండోది. మా వార్డులో వాడే చిట్కా ఒకటి, అమ్మ ఏది అంటే పోయింది అని ప్రతిసారీ చెప్పొద్దు, ఆయనకి ప్రతిసారీ కొత్తగానే పోతుంది. అబద్ధం కూడా అక్కర్లేదు, "అమ్మ గుర్తొచ్చిందా నాన్నా, అమ్మ గురించి చెప్పు" అనండి. వారంలో కనీసం ఒక రాత్రికి వేరే మనిషిని పెట్టుకోండి, నిద్ర లేకపోతే ఎవరైనా అరుస్తారు.

చిగురు:
వియత్నాం ధ్యాన గురువు థిక్ నాట్ హాన్ గురించి కూడా ఇక్కడ చెప్పాలనిపించింది. 2014 నవంబర్లో ఆయనకి పెద్ద స్ట్రోక్ వచ్చి మాట పోయింది, అప్పటిదాకా ఎన్ని వేల మందికి మాటలతోనే నేర్పారో. 2018లో వియత్నాంలో తను కుర్రవాడిగా దీక్ష తీసుకున్న హ్యూ ఊరి గుడికి తిరిగి వెళ్లి 2022 జనవరిలో 95 ఏళ్ల వయసులో అక్కడే పోయారు. చక్రాల కుర్చీలో తోటలో తిప్పేవాళ్లు. థాయ్‌లాండ్ ధ్యాన గురువు అజాన్ చా కూడా చివరి పదేళ్లు దాదాపు మాట లేకుండా మంచంలోనే ఉన్నారు, శిష్యులు వంతులేసుకుని చూసుకున్నారు. ఆ పదేళ్లలో ఆ మంచం పక్కన కూర్చున్న భిక్షువులు ఏం నేర్చుకుని ఉంటారో అని ఆలోచిస్తుంటా.

లెక్కల మాస్టారు:
నాన్నతోనే, నువ్వు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు నాయనా. మీ నాన్న అదృష్టవంతుడు.

నా సంగతి చెప్పకుండా పైన పెద్ద మాటలు మాట్లాడాను. మా పిల్లలు నన్ను వదిలెయ్యలేదు, ఫోన్లు చేస్తారు, డబ్బుకి లోటు లేదు. కానీ పోయినసారి అందరూ వచ్చినప్పుడు నేను పక్కగదిలో ఉండగానే "నాన్నని ఎవరు ఉంచుకోవాలి" అని మాట్లాడుకున్నారు. సామాను గురించి మాట్లాడుకున్నట్టే. నేను వినలేదనుకున్నారు. వినికిడి మిషను ఆ రోజు పెట్టుకునే ఉన్నాను.

బౌద్ధంలో దీని గురించి ఏమైనా ఉంటే చెప్పు చదువరీ. అమ్మానాన్నల్ని భుజాలమీద వందేళ్లు మోసినా రుణం తీరదు లాంటివి కాదు, అవి తెలుసు.

పాళీచదువరి:
మాస్టారూ, ఒకటుంది. శ్రావస్తిలో ఒక బ్రాహ్మణుడు, ఒకప్పుడు బాగా ఉన్నవాడు, మాసిన గుడ్డలతో బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. ఎందుకిలా ఉన్నావంటే, నలుగురు కొడుకులు, భార్యల మాట విని నన్ను బయటికి పంపేశారు అన్నాడు. బుద్ధుడు అన్నీ కర్మఫలం అని చెప్పి పంపలేదు. కొన్ని పద్యాలు నేర్పి, నీ కొడుకులు కూర్చున్న సభలో నిలబడి ఇవి చదువు అన్నాడు. అందులో ఉంటుంది, మాట వినని కొడుకుల కంటే నా చేతికర్రే మేలు, మీదికొచ్చే ఎద్దుని ఆపుతుంది, కుక్కని ఆపుతుంది, చీకట్లో నాకంటే ముందు నడుస్తుంది, లోతులో అడుగు అందిస్తుంది, కాలు జారితే నిలబెడుతుంది అని. సభలో చదివాడు. కొడుకులు ఇంటికి తీసుకెళ్లి స్నానం చేయించి కొత్తబట్టలు కట్టబెట్టారు.

బుద్ధుడు ఆయన్ని ఓర్చుకోమనలేదు చూడండి. నోరు తెరిచి చెప్పమన్నాడు. మీరు విన్నానని మీ పిల్లలకి చెప్పారా?

లెక్కల మాస్టారు:
చెప్పలేదు.

ఆ కర్ర మాట మూడుసార్లు చదివాను. మా పెద్దమ్మాయి రెండేళ్ల కిందట ఒక కర్ర కొనిచ్చింది, కింద రబ్బరు బిళ్ల, పైన వంపు పిడి, మంచిదే. తలుపు వెనకాల పెట్టేశాను. దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్తే నా దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తారని. ఇవాళ తీసి తుడిచాను. దుమ్ము కింద ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

మలిసంధ్య:
మాస్టారుగారూ, నా కుర్చీ, మీ కర్ర.

ఒకప్పుడు వేసాలిలో పేరున్న అందగత్తె, తర్వాత భిక్షుణి అయిన అంబపాలి థేరి పద్యాలు వెతికి చదివానండీ. ఒకప్పుడు నా జుట్టు తుమ్మెదల్లా నల్లగా ఉండేది, ఇప్పుడు జనపనారలా ఉంది అని మొదలుపెట్టి, కనుబొమలు, కళ్లు, ముక్కు, పళ్లు, గొంతు, చేతులు, కాళ్లు, పాదాల దాకా ఒక్కోటి చెప్పుకుంటూ పోతుంది. నేను ఇన్నాళ్లూ అద్దంలో ఒక్కోటీ చూసి బాధపడ్డాను, ఆవిడ అదే పని చేస్తూ ప్రతి పద్యం చివరా సత్యవాది మాట తప్పదు అంటుంది. అదే అద్దం, అదే ముఖం. నాకు ఆ ధైర్యం ఇంకా రాలేదు గానీ నిన్న జుట్టు దువ్వుకున్నప్పుడు దువ్వెనలో వచ్చిన తెల్ల వెంట్రుకని పారెయ్యకుండా వేలికి చుట్టుకుని కాసేపు చూశా.

ఇంకో సందేహం. నేను ఇంటిదాన్ని. ఇంత లోతు మనకి ఉద్దేశించిందేనా?

పాళీచదువరి:
దీనికి చిన్నగా చెప్తానమ్మా. బుద్ధుడికీ సంఘానికీ ఎంతో దానం చేసిన గృహస్థు అనాథపిండికుడు చావు మంచం మీద ఉంటే సారిపుత్తుడూ ఆనందుడూ వెళ్లారు. కన్నుని పట్టుకోను, చెవిని పట్టుకోను, ఆలోచనని పట్టుకోను అని సారిపుత్తుడు ఒక్కోటే చెప్తుంటే ఆయన ఏడ్చేశాడు. నొప్పికా అంటే కాదు, ఇన్నేళ్లు సేవించాను, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు అన్నాడు. తెల్లబట్టల గృహస్థులకి ఇది చెప్పరు అంటే, చెప్పండి స్వామీ, కళ్లలో దుమ్ము తక్కువున్నవాళ్లు మాలోనూ ఉన్నారు, వినకపోతే నష్టపోతారు అని బతిమాలాడు. చనిపోయేముందు ఆయన అడిగింది అదొక్కటే. రెండు వేల ఏళ్ల పైన పట్టింది గానీ అడిగింది జరిగింది, బర్మాలో ఊ బా ఖిన్ లాంటి ప్రభుత్వ ఆఫీసు అకౌంట్సు మనిషి ధ్యాన గురువు అయ్యాడు, ఆయన దగ్గర నేర్చుకున్న వ్యాపారి గోయెంకా 1969లో ఇండియా వచ్చి ఇంటివాళ్లకి నేర్పాడు. మీరు కూర్చున్న ఆ వెనక వరస కుర్చీ అనాథపిండికుడు అడిగి ఇప్పించిందే.

మలిసంధ్య:
ఈ మాట ఆ అమ్మాయి నాతో అన్న మాట పక్కన పెట్టుకుంటాను.

గదిలో చాప తీసేశా. అది ఉండే చోటే కిటికీ దగ్గర కుర్చీ వేశా, కాళ్ల కింద దుప్పటి మడత, నడుముకి తువ్వాలు, నర్సమ్మ చెప్పినట్టే. చాప తీస్తే నేలమీద ఇరవై ఏళ్ల రంగు తేడా కనిపించింది, నలుచదరంగా, కొత్తగా ఉంది అక్కడ నేల. రేపు పొద్దున 5కి కూర్చుంటా. ఎవరైనా అదే టైముకి ఉంటే ఇక్కడ ఒక మాట రాయండి.

చిగురు:
నేనుంటా ఆంటీ. యాప్ లేకుండా.

లెక్కల మాస్టారు:
నేను కూర్చోను, నడుస్తాను. కర్రతో. పెద్దమ్మాయికి ఇందాకే ఫోన్ చేసి ఆ రోజు విన్నానని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కర్ర ఎత్తు సరిపోయిందా నాన్నా అంది.

రాత్రి డ్యూటీ:
5కి నాకు షిఫ్టు చివరి రౌండు. ఆ చివర నుంచి ఈ చివరికి.

నాన్నతోనే:
5కి నాన్నని ఒకసారి లేపి బట్టలు మార్చాలి. అప్పుడు ఆయన కాసేపు మంచం అంచున కూర్చుంటాడు, కాళ్లు కిందకి వేసుకుని. నేనూ పక్కన కూర్చుంటా.